ఇంటూ మార్కు

పదింటికల్లా రమ్మన్నారు, విచారణ పదకొండింటికట. అంటే గంటసేపు ఈ బెంచీ మీద కూర్చుని నా చావు నన్ను చావమని. ఒళ్లో ఫైలు, ఫైలు మీద చేతిసంచి, సంచిలో రబ్బరు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ క్లినిక్‌లో రిజిస్ట్రేషన్ కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని, కౌంటర్ ముందున్న ఈ బెంచీ మీద పట్టుమని పది నిమిషాలు కూర్చున్న పాపాన పోలేదు. దీనికో కాలు పొట్టి అని ఇవాళే తెలిసింది. ఈ చివర నేను కదిలితే ఆ చివర ఆ పిల్ల ఊగుతుంది, ఆ పిల్ల కదిలితే నేను. ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. నా ఒళ్లో ఉన్నది ఆమె తల్లి ఫైలు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, అట్ట మీద నంబరు నా వేళ్ల సందుల్లోంచి కనిపిస్తూనే ఉంది, అయినా చూడనట్టు గోడ గడియారం వైపు చూస్తోంది. ఇలా ఇవ్వండి, చూస్తాను అని చెయ్యి చాపితే నేనేం చెయ్యగలను? ఒరిజినల్ చూసే హక్కు ఉంది, కాగితం మీద రాసే ఉంది. కానీ మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లు హక్కుని కూడా దయచేసి అనే అడుగుతారు. అలా అడగడం వాళ్లకి నేర్పింది మేమే.

పొద్దున తాళాలాయన ఈ ఫైలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఆయన మా ఆఫీసు పెద్ద, నడుముకి తాళాలగుత్తి వేలాడేసుకుని తిరుగుతాడని స్టాఫంతా చాటుగా అలా అంటాం, మనిషి కంటే ముందు చప్పుడు వస్తుంది. ఇవాళ మాత్రం గుత్తిని గుప్పిట్లో బిగించి పట్టుకుని పిల్లిలా వచ్చాడు. "చివరి పేజీలో నీ గుర్తొకటి ఉండిపోయిందమ్మా. ఆ పిల్ల ఒరిజినల్ చూస్తానంటోంది. నీ గుర్తు నువ్వే తుడిచేసి పట్రా" అన్నాడు. నీ గుర్తట, నువ్వేనట. రేపు ఎవరైనా అడిగితే తుడిచిన చెయ్యి నాదవుతుంది, చెప్పిన నోరు ఎక్కడా ఉండదు. ఆ తెలివి ఆయనకుంది. నాకూ ఉంది, ఉండి ఏం లాభం, సరే సార్ అన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ రెండు మాటలూ ఆలోచన లేకుండా వచ్చేస్తాయి నా నోటికి.

గుర్తంటే ఇంటూ మార్కు. పెన్సిలుతో సన్నగా, ఎడమకి కాస్త వాలినట్టు, ఒక గీత పొడుగు, ఒక గీత పొట్టి. ఇంటూ పెట్టిన చోట సంతకం పెట్టండి అంటాను, పెడతారు. కొత్త పేషెంటుకి మూడు ఫారాలు, మూడు ఇంటూలు. మొదటిది, నా హక్కులు నాకు చదివి వినిపించారు అని. రెండోది, పరీక్షలకి ఒప్పుకుంటున్నాను అని. మూడోది, పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పారు, నా ఇష్టప్రకారమే వెళ్లనన్నాను అని. అసలైతే మూడోది వెళ్లనన్నవాళ్ల దగ్గరే తీసుకోవాలి. కానీ వెళ్లనన్న మనిషి సంతకం దాకా ఆగుతాడా, చెప్పులేసుకుని చక్కా పోతాడు. ఓ ఏడాది తనిఖీకి వచ్చినవాళ్లు సంతకాల్లేవని రెండొందల ఫైళ్లు వెనక్కి కొట్టారు. అప్పుడు నాకొచ్చిందీ ఉపాయం. వచ్చిన రోజే అందరి దగ్గరా మూడూ తీసేసుకుంటే పోలా, తేదీ ఖాళీగా వదిలేసి. మరుసటి తనిఖీలో ఒక్క ఫైలు కూడా వెనక్కి రాలేదు. మీటింగులో చప్పట్లు కొట్టించారు నాకు. ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పి ఎంత మురిసిపోయానో. సాయంత్రం నాలుగయ్యాక ఆ రోజు ఫైళ్లన్నీ ముందేసుకుని ఒక్కో ఇంటూ తుడుచుకుంటూ పోవడం, రబ్బరు పొట్టు ఊదెయ్యడం, అదీ నా పనే. బిడ్డలకి మొహం కడిగినట్టు కడిగేదాన్ని ఫైళ్లని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

పదీ పది. ఆ పిల్ల దగ్గింది. బెంచీ ఊగింది. సారీ మేడం అంది. పర్లేదమ్మా అన్నాను. ఆమె వేసుకున్న కోటు గాజుసీసాల ఫ్యాక్టరీది, జేబు మీద నంబరు కుట్టి ఉంటుంది. తల్లి కూడా ఇదే కోటుతో వచ్చింది, డ్యూటీ మధ్యలో పర్మిషన్ పెట్టి. తయారైన సీసాల్ని ఒక్కోటీ దీపానికి ఎత్తిపట్టి పగులుందేమో చూడడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లు చేశానంది. నేనడగలేదు, వృత్తి గడిలో సీసాలు చూడడం అని చెప్పి, అదేం పని అన్నట్టు నేను మొహం పెడితే ఆవిడే విప్పి చెప్పింది. గొంతు దగ్గర కణితి, రెండు నెలలుగా ఉందట, నొప్పి లేదు గనక పట్టించుకోలేదట. మూడు ఫారాలు కిటికీ కిందనుంచి తోశాను. అందరూ గబగబా గీకేస్తారు, ఆవిడ గీకలేదు. కాగితం ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టుకుంది. సీసా అనుకుంటోంది కాబోలని పక్కనున్న పెద్ద నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. మూడో ఫారం దగ్గర ఆగి, "ఇక్కడ ఖాళీ ఉంది కదమ్మా, తేదీ వెయ్యలేదు. ఇందులో ఏముంది?" అంది. "ఏమీ లేదమ్మా, మామూలే. వెనక నలభై మంది నిలబడ్డారు చూడు" అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నిజంగానే నలభై మంది ఉన్నారు, చంకలో బిడ్డతో ఒకామె, కర్రతో ముసలాయన. వాళ్లని చూసి సిగ్గుపడి సంతకం పెట్టింది. పగులు కనిపెట్టే కళ్లు, ఎక్కడుందో కనిపెట్టనే కనిపెట్టాయి, నేనే మూసేశాను.

ఆ మామూలే అన్న మాట నాకెక్కడ అంటుకుందో తెలుసు. మా అమ్మ ఆపరేషన్ రోజు. నాకు పద్దెనిమిదేళ్లు. స్ట్రెచర్ అప్పటికే కదిలింది, ఒకాయన నడుస్తూనే నా చేతిలో కాగితం పెట్టాడు, నేనూ నడుస్తూనే ఏముందండీ అన్నాను, ఏమీ లేదమ్మా మామూలే అన్నాడు. అమ్మ తలెత్తి, "చదివావా?" అంది. చదివానన్నాను. "అయితే చాలు" అని కళ్లు మూసుకుంది. ఒక్క అక్షరం చదవలేదు నేను. ఆపరేషన్ బాగా అయింది. అమ్మ ఇంకో తొమ్మిదేళ్లు బతికింది, నా పెళ్లి చేసింది, నా కూతురికి జడలు వేసింది. అదే నా కొంప ముంచింది. ఆ రోజు ఏదైనా తేడా జరిగి ఉంటే కాగితమంటే భయం ఉండేది నాకు. బాగా జరిగేసరికి కాగితంలో ఏమీ ఉండదనీ, డాక్టరు చేతిలోనే అంతా ఉంటుందనీ నేర్చుకున్నాను. నేర్చుకుని ముప్ఫై ఒక్క ఏళ్లు జనానికి అదే అప్పజెప్పాను.

పదీ ఇరవై. నా కుర్చీలో ఇవాళ ఫార్మసీ అమ్మాయిని కూర్చోబెట్టారు. గొంతు వినిపిస్తోంది, ఇంటూ పెట్టిన చోట, ఇంటూ పెట్టిన చోట. ఆ అమ్మాయికి నేర్పింది ఎవరనుకున్నారు. గోడకి హక్కుల బోర్డు కూడా ఉంది మాకు, లేదనుకునేరు. అద్దం బిగించి, పెద్దక్షరాలతో, పది అంశాలు. సంతకానికి ముందు చదివి వినిపించమని అడగవచ్చు అన్నది నాలుగోది. కాకపోతే దాన్ని తలుపు వెనక కొట్టారు, తలుపు తీసి ఉంటే బోర్డు కనిపించదు, క్లినిక్ తెరిచి ఉన్నంతసేపూ తలుపు తీసే ఉంటుంది. తాళం వేసి వెళ్లేటప్పుడు తాళాలాయన ఒక్కడే రోజూ చదువుకోవచ్చు తన హక్కులు. ఈ జోకు నాదే, టీ దగ్గర చెప్తే అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వేవాళ్లం గానీ మేకు పీకి ఇవతల గోడకి కొడదామని ఒక్కరికీ తోచలేదు. రెండు నిమిషాల పని.

ఆ పిల్ల తల్లి రిపోర్టు పదకొండో రోజున వచ్చింది. వెంటనే పెద్దాసుపత్రికి పంపండి అని, కింద ఎర్రగీత గీసి మరీ వచ్చింది. వచ్చి ట్రేలో పడింది. రిపోర్టు వస్తే మేమే పిలుస్తాం, మీరు రానక్కర్లేదు అని ఆవిడకి చెప్పాం, అందరికీ అలాగే చెప్తాం. పిలిచే పని ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తది. ఆమె కాన్పు సెలవులో ఉంది. ఆమె బదులు ఎవరు పిలవాలి? డాక్టరుగారు నర్సనుకున్నారు, నర్సు కౌంటరనుకుంది, కౌంటరంటే నేను, నేను నాది కాదనుకున్నాను. ఎవరి మటుకు వాళ్లం చేతులు దులుపుకున్నాం. ఆవిడేమో పిలుస్తారని కూర్చుంది. పిలవలేదంటే బాగున్నట్టే కదా అని పక్కింటివాళ్లతో అందట. నాలుగు నెలలు అలా కూర్చుంది. నాలుగు నెలల తర్వాత ముద్ద మింగుడుపడక తనంతట తనే వస్తే అప్పుడు ట్రే అడుగునుంచి రిపోర్టు తీశారు. ఆ పైన ఆరు వారాలు బతికింది.

అయితే మధ్యలో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. ఇది క్లినిక్‌లో తాళాలాయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ ఇంకా ఇంట్లో కూర్చుని మా పిలుపు కోసం చూస్తున్న రోజుల్లోనే తనిఖీ వస్తోందన్నారు. ఫైళ్లలో ఖాళీలు ఉండకూడదు, నింపెయ్యమన్నాడాయన. పెద్దాసుపత్రికి పంపమని రిపోర్టొచ్చి, పంపిన చీటీ లేని ఫైళ్లు అరవై తేలాయి. అరవైలోనూ మూడో ఫారం తీసి, రిపోర్టు వచ్చిన తేదీనే వేసుకుంటూ పోయాను. అంటే ఏమిటి, ఆ రోజు వాళ్లని పిలిచాం, చెప్పాం, వాళ్లే మేం వెళ్లం అన్నారు. మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం టీకీ మధ్య అరవై మంది చేత వెళ్లం అనిపించాను. వాళ్లలో ఒక్కరికైనా ఫోన్ చేద్దామా అనిపించలేదా అంటే, ఒట్టు, అనిపించలేదు. అక్షరాలు చక్కగా కుదరాలని మాత్రం అనిపించింది. నీలం ఇంకు వాడాను. ఆవిడ ఫైలు చివర్లో వచ్చింది. మబ్బు పట్టింది, వాన పడితే బస్సు దొరకదని తొందరపడ్డాను, తుడవకుండా ఉండిపోయిన పాత ఇంటూ కళ్ల ముందే ఉన్నా చూసుకోలేదు. లేకపోతే ఇవాళ ఈ రబ్బరుతో పనే ఉండేది కాదు.

పదిన్నర దాటింది. ఆ పిల్ల సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఉన్నది నాకు తెలుసు, ఆ మూడో ఫారం జెరాక్సు. ఫైలు కాపీ కావాలని ఆమె మూడుసార్లు వస్తే మూడుసార్లూ తిప్పి పంపింది నేనే. మొదటిసారి తెల్లకాగితం మీద రాసింది, మా ఫారంలో రాయమన్నాను. రెండోసారి ఫారం నింపింది, కూతురివేనని రుజువు తెమ్మన్నాను. మూడోసారి రుజువు తెచ్చింది, ముప్ఫై రోజులు పడుతుందన్నాను. చివరికి తాళాలాయన లోపలికి పిలిచి ఫైలంతా ఇవ్వకుండా ఈ ఒక్క పేజీ జెరాక్సు తీసి ఆమె చేతిలో పెట్టాడు. చూసుకో, మీ అమ్మే వెళ్లనని రాసిచ్చింది, ఇక నువ్వు అడగాల్సింది మీ అమ్మని అన్నాడట. అంత మాట అన్నాడట. ఆ పిల్ల మొన్నటిదాకా ఏడుస్తూ వచ్చేది, ఆ రోజు నుంచి ఏడవడం మానేసి, ఒరిజినల్ చూపించాలని పైవాళ్లకి అర్జీ పెట్టింది. తల్లి తనంతట తనే చావు కోరుకుంది, నాకు ఒక్క ముక్క చెప్పలేదు అనుకుంటూ బతుకుతోంది కాబోలు. పాతికేళ్ల పిల్ల.

కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. అచ్చం తల్లిలాగే. "మేడం, ఒకటి అడగనా? సంతకం పక్కన ఇదేదో గీతలా ఉంది. సారు జెరాక్స్ మిషను మరకన్నారు. మరకేనంటారా?" "మిషను అద్దం మీద దుమ్ము పడితే వస్తుంటాయమ్మా" అన్నాను. "రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుని వస్తాయా?" అంది. నేను లేచాను. బెంచీ ఆమె వైపు దబ్బున ఒరిగింది. ఇప్పుడే వస్తానని ఇంజెక్షన్ల గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

మా ఆయన పొద్దున టిఫిన్ ముందు కూర్చుని అన్నాడు, ఇంకో పద్నాలుగు నెలలు ఓపిక పడితే రిటైరవుతావు, నువ్వు నోరు విప్పితే ఆ పిల్ల తల్లి లేచొస్తుందా? చెడ్డవాడు కాడు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాడు, ఒక్క యాక్సిడెంటు చెయ్యలేదు, అందుకే చేసినవాళ్ల సంగతి తెలియదు. ఇంజెక్షన్ల గదిలో స్టీలు బల్ల మీద చివరి పేజీ తెరిచి రబ్బరు తీశాను. సంతకం వంక చూడదలుచుకోలేదు, చూశాను. గుండ్రటి అక్షరాలు, ఆఖరి అక్షరం తోక కొంచెం పైకి లేపింది, బడిలో దిద్దించినట్టు. దాని కింద నా నీలం ఇంకు తేదీ. పక్కన నా ఇంటూ. రుద్దాను. పోయింది. అంతే, రెండు రుద్దులు, పొట్టు ఊదేశాను, అలవాటు ప్రకారం అరచేత్తో కాగితాన్ని సవరించాను. అప్పుడు తెలిసింది వేలికి. గీత పోయింది గానీ నొక్కు పోలేదు. ఆ రోజు ఆవిడ ప్రశ్న అడిగిందన్న చిరాకులో పెన్సిలు గట్టిగా నొక్కి చూపించాను, ఇదిగో ఇక్కడ, అని. విచారణకి లోపల కూర్చునే ముగ్గురు కమిటీవాళ్లు కాగితం బల్ల మీద పెట్టి చూస్తారు, వాళ్లకి కనిపించదు. కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూసే మనుషులు లోకంలో ఎంతమంది ఉంటారు. ఒకావిడ పోయింది. రెండో మనిషి బయట బెంచీ మీద కూర్చుంది.

తిరిగొచ్చి కూర్చున్నాను. నా మొహం ఎలా ఉందో నాకే తెలియదు, మంచినీళ్లు కావాలా మేడం అంది. తల కొట్టేసినట్టయింది. వద్దన్నాను. పదీ యాభై. ఇంకేముంది, ఒరిజినల్ తెరుస్తారు, గుర్తు లేదు, మరకంటే మరకే అని రాసుకుంటారు, ఈ పిల్ల తల్లి మీద అలిగి ఈ కోటు వేసుకుని ఇరవై రెండేళ్లు సీసాలు చూస్తుంది. నేను పద్నాలుగు నెలలు పనిచేసి ఇంటికెళ్తాను. మిగతా యాభై తొమ్మిది మంది ఉన్నారో పోయారో.

అటెండర్ తలుపు తోసుకుని వచ్చాడు. "మేడం, లోపల రెడీ. ఈ హాజరు పత్రం మీద ఈవిడ సంతకం తీసుకోమన్నారు" అని కాగితం నా చేతిలో పెట్టాడు. అందుకున్నాను. సంచిలోంచి పెన్సిలు తీశాను, కాగితం అడుగున ఇంటూ పెట్టాను, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అని ఆమె ముందుకి జరిపాను. జరిపాక చూసుకున్నాను ఏం చేశానో.

ఆమె పెన్ను పట్టుకోలేదు. ఇంటూ వైపు చూసింది. ప్లాస్టిక్ కవర్లోంచి జెరాక్సు తీసి దాని పక్కన పెట్టింది. ఎడమకి వాలిన ఇంటూ, పక్కన ఎడమకి వాలిన ఇంటూ, పొడుగు గీత, పొట్టి గీత. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. జెరాక్సు మడిచి కవర్లో పెట్టుకుని, హాజరు పత్రం చేతిలోకి తీసుకుని మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది, వేలు కింద పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ.

"సంతకమే కదమ్మా, చదవడానికేముంది, లోపల చూస్తున్నారు" అన్నాడు అటెండర్.

"చదువుకోనీ" అన్నాను. "ఆగమని చెప్పు వాళ్లని."

అతను నా వంక వింతగా చూసి లోపలికి వెళ్లాడు. ఆమె వేలు చివరి వరుస దాకా వచ్చి ఆగింది.

"ఇక్కడ తేదీ వెయ్యలేదు మేడం. ఖాళీగా ఉంది."

అదే గొంతు. ఏమీ లేదమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఎప్పుడూ వచ్చినట్టే.

"ఖాళీగానే ఉంచుతాం" అన్నాను. "సంతకం పెట్టించుకుని తర్వాత నేను నింపుతాను. మీ అమ్మ కాగితంలో తేదీ కూడా నేనే వేశాను. ఆ రోజు మీ అమ్మ ఇక్కడికి రానేలేదు. మేం పిలవలేదు. పెద్దాసుపత్రికి వెళ్లమని ఎవరూ చెప్పలేదు, వెళ్లనని మీ అమ్మ అననూ లేదు. ఇందులో ఏముందని అడిగింది. నేను చెప్పలేదు."

ఆమె లేచి నిలబడింది. బెంచీ నా వైపు ఒరిగింది. లోపల్నుంచి తాళాల చప్పుడు దగ్గరికొస్తోంది. ఫైలు తీసి ఆమె చేతుల్లో పెట్టాను.

"చివరి పేజీ" అన్నాను. "కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి పట్టి చూడు."